బస్సమ్మ ముఠా నాయకురాలైన వైనం

మా వాళ్ళలో మైకు ముందు కూర్చున్న మొదటి మనిషి బస్సమ్మ. ఈ మాట ముందే చెప్పి పెట్టాలి. లేకపోతే తర్వాత వచ్చే ముఠాలూ కత్తులూ తుపాకులూ చూసి, ఇదేదో దారి తప్పిన ఆడమనిషి కథ అనుకునే ప్రమాదం ఉంది. ఆమె దారి తప్పినవాళ్ళకు దారి చెప్పి బతికిన మనిషి.

బస్టాండు పై అంతస్తులో, టికెట్ల కిటికీలకు సరిగ్గా నెత్తిన, ఒక అద్దాల గది ఉండేది. అందులో ఒక కుర్చీ, కుర్చీలో ఆమె పాత దుప్పటితో కుట్టుకున్న దిండు, బల్ల మీద సొట్ట పడిన మైకు, మైకు పక్కన ఎర్ర స్విచ్చి, గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు. పెళ్ళైన కొత్తలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి జుట్టు సగం నెరిసేదాకా అక్కడే కూర్చుంది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఊరంతటికీ ఆమె బస్సమ్మే.

"దయచేసి గమనించండి" అని మొదలుపెట్టి, ఏ బస్సు, ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం అన్నది చెప్పి, ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, అదే మాట మళ్ళీ మొదటి నుంచీ చెప్పేది. ఎందుకు రెండుసార్లు అని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "మొదటిసారి చెప్పేది చెవికి. రెండోసారి చెప్పేది కాళ్ళకు. మొదటిసారికి తలెత్తుతారు, రెండోసారికి గానీ లేచి నడవరు."

ఆ గొంతు చేసిన ఘనకార్యాలు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. తప్పిపోయిన పిల్లలను బల్ల మీద కూర్చోబెట్టుకుని, వాళ్ళ చొక్కా రంగు చెప్పి, తల్లులను పరుగున రప్పించింది. వరద వచ్చి రోడ్లన్నీ మునిగిన రోజు, బస్టాండు నిండా జనం కొట్టుకుచచ్చేలా ఉంటే, ఆమె ఒక్క కేకైనా వేయకుండా, ఏ రోడ్డు మీద ఎంత నీరుందో, మెట్ల మీద ముందు ఎవరు కూర్చోవాలో చెబుతూ తెల్లవార్లూ వాళ్ళను కదలకుండా ఉంచింది. జేబు కొట్టి పారిపోతున్న దొంగతో కూడా "దయచేసి నల్ల చొక్కా వేసుకున్న ప్రయాణికుడు నాలుగో ప్లాట్‌ఫారం దగ్గర ఆగగలరు" అని అంటే, వాడు అలవాటు కొద్దీ ఆగాడట. ఇది అతిశయోక్తి అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఆ రోజు అక్కడ లేరు.

ఇంత పేరున్న మనిషికి ఒక పోటీ కూడా ఉండేది. బస్టాండుకు ఎదురుగా, రోడ్డుకు అవతల రైల్వే స్టేషను. అక్కడా ఒక గొంతు. ఆమె రైలమ్మ. ఇద్దరి స్పీకర్లూ ఎదురెదురుగా, కొట్లాటకు దిగిన కోడిపుంజుల్లా మెడలు చాచి ఉండేవి. మొదటి రోజుల్లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేవారు. ఈమె వాల్యూము పెంచితే ఆమె ఇంకాస్త పెంచేది. ఒకరోజు ఒక ముసలాయన నెత్తిన పెట్టెతో రోడ్డు మధ్యలో నిలబడి, ఇటు బస్సు మాటా తెలియక, అటు రైలు మాటా తెలియక, చివరికి రెండూ పోగొట్టుకుని, రెండు స్పీకర్లకూ కలిపి ఒకటే దండం పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇద్దరూ కిటికీల్లోంచి చూశారు. మర్నాటి నుంచి ఒకరు మొదలుపెడితే రెండోవాళ్ళు ఆగడం మొదలైంది. ఎవరూ ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనూ లేదు. అయినా ఆ ఆగడం ఏళ్ళ తరబడి నడిచింది.

అలాగని ప్రేమ పుట్టిందనుకోకూడదు. రైలు ఆలస్యమైతే రైలమ్మ "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని సాగదీసేది. ఇక్కడ బస్సు ఇంజను గురగురలాడుతూ ఉండేది. "చింతించడానికే ఇంతసేపయితే, ఇంక రైలు నడిచేదెప్పుడు" అని బస్సమ్మ ఫ్లాస్కు మూతకు చెప్పుకునేది.

తర్వాత అందరికీ వచ్చినట్టే ఆమెకూ ఆ రోజు వచ్చింది. బస్టాండుకు యంత్రం తెచ్చారు. ఎక్కడి అమ్మాయి గొంతో, మీట నొక్కితే బస్సుల వేళలు అదే చెబుతుంది. చివరి రోజు బస్సమ్మ పైవాళ్ళను ఒకే ఒక్క కోరిక కోరింది. బస్సుల సంగతి కాకుండా ఒక్క మాట తన సొంతంగా చెప్పుకుంటానంది. సరేనన్నారు. ఎర్ర స్విచ్చి నొక్కి, "దయచేసి గమనించండి. ఇన్నాళ్ళూ నా మాట విని నడిచిన మీ అందరికీ" అనే లోపల రోడ్డు అవతల నుంచి రైలమ్మ గొంతు విరుచుకుపడింది. ఏదో రైలు ఆలస్యం. బస్సమ్మ ఆగింది. అది అయ్యాక మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే గొంతు మీద పడింది. మూడోసారీ అంతే. ఈసారి "చింతిస్తున్నాం" కూడా పూర్తిగా వచ్చింది. బస్సమ్మ ఎర్ర స్విచ్చి ఆపేసి, దిండు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఏ మాటనైనా రెండుసార్లు చెప్పే మనిషికి తన మాట ఒక్కసారి చెప్పడానికి కూడా వీలు కాలేదు.

ఆ తర్వాత ఆమె బస్టాండు వైపు తొంగి చూడలేదు. ఇంట్లో మాట తగ్గిపోయింది. భర్త అదే డిపోలో బస్సు నడిపి రిటైరైన మనిషి, అందరికీ డ్రైవరుగారు. "మైకు ఉంటే గానీ మాట్లాడవా ఏమిటే" అని గరిటె తెచ్చి నోటి ముందు పెట్టేవాడు. ఆమె ఆ గరిటె తీసుకుని పొయ్యి మీద గిన్నెలో వేసేది. నవ్వేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం ఒక అమ్మాయి తలుపు తట్టింది. చెవుల మీద హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, చేతిలో ఫోను పట్టుకుని ఉంది. చదువుకునే రోజుల్లో రోజూ ఆ బస్టాండులోనే బస్సెక్కిందట. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో శబ్దాల పని చూస్తోందట. అందుకే ఆమె సౌండమ్మాయి.

"పెద్దమ్మా, మేం ఒక ఆట తయారు చేస్తున్నాం. అందులో ఒక ముఠా నాయకురాలికి గొంతు కావాలి" అంది.

"పేకాటా?" అన్నాడు డ్రైవరుగారు.

"వీడియో గేమ్ అంకుల్. నేరాల ఆట. రెండు ముఠాలు, రెండు పేటలు. వాళ్ళిద్దరి మధ్య ఆడేవాడు నలిగిపోవాలి."

"రౌడీలకు మా ఆవిడెందుకమ్మా, నేను చాలనా? జీవితమంతా లారీవాళ్ళను తిట్టుకుంటూనే బండి నడిపాను."

"మీరు అరుస్తారు అంకుల్. అరిచేవాళ్ళు మా దగ్గరికి చాలామంది వచ్చి చదివి వెళ్ళారు. ఒక్కరూ భయపెట్టలేదు. నాకు అరవకుండా జనాన్ని లేపి నడిపించే మనిషి కావాలి."

బస్సమ్మ లేచి లోపలికి వెళ్ళి, ఫ్లాస్కు తెచ్చి, మూత తీసి, లోపల వాసన చూసి, కడగడానికి తీసుకెళ్ళింది. డ్రైవరుగారు సౌండమ్మాయి వైపు చూసి, "వస్తుందిలే" అన్నాడు.

ఆ కంపెనీ ఒక ఫర్నిచరు దుకాణం మీద ఉంది. మెట్లెక్కుతుంటే వార్నిషు వాసన ముక్కులో దూరుతుంది. పైన కంప్యూటర్ల ముందు పడుచువాళ్ళు, ఒక మూల అలమారంత గది. గోడలకు మెత్తటి స్పాంజి, మధ్యలో మైకు. బస్సమ్మ తన దిండు వేసుకుని కూర్చోగానే చేత్తో తడిమింది. ఎర్ర స్విచ్చి లేదు. అద్దం అవతల సౌండమ్మాయి మీట నొక్కితే తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంది.

ముందు ఆట చూపించారు. అదొక ఊరు. ఏ ఊరో చెప్పలేం గానీ వీధులూ సందులూ, తెరిచిన దుకాణాలూ మూసిన దుకాణాలూ అన్నీ ఉన్నాయి. మధ్యలో నది, నది మీద ఇనుప వంతెన. వంతెనకు ఇటు కొలిమి ముఠా. తుప్పు రంగు కోట్లు, సొట్టలు పడిన వ్యాన్లు, గోడల మీద సుత్తి బొమ్మ. దాని నాయకురాలు పెద్దక్క. ఒకప్పుడు పాత ఇనుము కొనే కొట్టు నడిపిన మనిషి. తన పేటలో ఎవరి జోలికీ పోదు, ఎవరినీ పోనివ్వదు. అటు రేవు ముఠా. నీలం కోట్లు, మోటారు సైకిళ్ళు, గోడల మీద లంగరు బొమ్మ. దాని నాయకురాలు దొరసాని. పడవలూ గోదాములూ ఆమెవి. ఆటాడేవాడు కొత్తగా ఊళ్ళోకి దిగినవాడు. పొట్టకూటికి ఇద్దరి పనులూ ఒప్పుకుంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఉంటుంది వాడి బతుకు. ఇద్దరు నాయకురాళ్ళూ ఒకరి పేటలోకి ఒకరు అడుగు పెట్టకుండా, తమ మనుషులనే కొట్లాటకు పంపుతారు. ఆట చివరలో మాత్రం వంతెన మీద మొదటిసారి ముఖాముఖి నిలబడతారు.

"వీళ్ళెందుకు కొట్టుకుంటున్నారు?" అని అడిగింది బస్సమ్మ.

"వంతెన కోసం పెద్దమ్మా."

"వంతెన మీద ఇద్దరూ నడవొచ్చుగా."

"నడిస్తే ఆటుండదు" అంది సౌండమ్మాయి.

మొదటి మాట కాగితం మీద ఇలా ఉంది: ఈ వీధి మాది. ఇంకో అడుగు వేస్తే నీ కాళ్ళు నీతో ఇంటికి రావు. ఎర్ర బల్బు వెలిగింది. బస్సమ్మ నీళ్ళు గుటక వేసి, వెన్ను నిటారుగా పెట్టి చదివింది.

"దయచేసి గమనించండి. ఈ వీధి మాది. ఇంకో అడుగు వేస్తే నీ కాళ్ళు నీతో ఇంటికి రావు."

అద్దం అవతల సౌండమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే. బస్సమ్మ ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, అదే మాట, అదే గొంతుతో, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. ఈసారి సౌండమ్మాయి చెయ్యి నోటి మీద నుంచి నెమ్మదిగా కిందికి దిగింది. కంప్యూటర్ల ముందున్న పడుచువాళ్ళు తలలు తిప్పారు. ఒకడైతే తెలియకుండానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"కాగితం మీద దయచేసి లేదు కదా పెద్దమ్మా" అంది ఆ అమ్మాయి.

"మర్యాద కూడా రాసివ్వాలా ఏమిటి? అలవాటుగా వచ్చేసింది. తీసేస్తాలే."

"తీయొద్దు. ఎక్కడా తీయొద్దు."

అలా పెద్దక్క పుట్టింది. మనుషుల కాళ్ళు విరగ్గొట్టించేటప్పుడు కూడా దయచేసి అనే నాయకురాలు, ఏ హెచ్చరికైనా రెండుసార్లే చెప్పే నాయకురాలు. మూడోసారి ఉండదని ఆటాడేవాడికి తెలుసు. ఆమె మాటల కోసం కథే మార్చి రాసుకున్నారు. కంపెనీలో పడుచువాళ్ళు టీ కావాలన్నా "దయచేసి గమనించండి" అనే అడగసాగారు.

ఇంట్లోనూ గొంతు తిరిగొచ్చింది. స్నానాల గది నుంచి డ్రైవరుగారు తువ్వాలు అడిగితే, "దయచేసి గమనించండి, తువ్వాలు తలుపు మీదే ఉంది" అని వంటింట్లోంచి వినిపించేది. రెండుసార్లు. ఆయన తువ్వాలు కనిపించినా రెండోసారి వినేదాకా ఆగేవాడట. ఇది ఆయనే చెప్పాడు, సిగ్గు పడకుండా.

చిక్కు వంతెన దగ్గర వచ్చింది.

ఆ ఘట్టంలో ఇద్దరు నాయకురాళ్ళూ ఒకరి మాట ఒకరు తుంచుకుంటూ కొట్లాడాలి. దొరసాని మాటలు ముందే రికార్డు చేసి పెట్టారు. అవి బస్సమ్మ చెవుల్లో వినిపిస్తుంటే ఆమె మధ్యలో అందుకోవాలి. ఎన్నిసార్లు పెట్టినా బస్సమ్మ అందుకోదు. అవతలి గొంతు పూర్తయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, అయ్యాక ఇంకాస్త ఆగి, అప్పుడు మొదలుపెడుతుంది. కావాలని కాదు. స్పీకరులో ఇంకో మనిషి మాట్లాడుతుంటే ఆమె నాలుక లేవదు. సౌండమ్మాయి ముక్కలు కోసి ఒకదాని మీద ఒకటి అతికించి చూసింది. అతికించిన చోటల్లా అతుకే వినిపించింది.

కంపెనీ యజమాని వచ్చి విన్నాడు. చెడ్డవాడు కాదు గానీ తొందర మనిషి. తలుపు వారగా ఉంది, బస్సమ్మ లోపల ఫ్లాస్కు మూత బిగిస్తోంది.

"శుక్రవారం దాకా చూద్దాం. కుదరకపోతే ఇద్దరి మాటలూ కంప్యూటరు చేతే చెప్పిద్దాం" అన్నాడు ఆయన.

"ఈ ఒక్క ఘట్టమా సార్?"

"ఒక్క ఘట్టానికి వేరే గొంతెలా పెడతాం? మొదటి నుంచీ చివరిదాకా మార్చాలి."

బస్సమ్మ చెయ్యి మూత మీదే ఆగిపోయింది. ఒకసారి కుర్చీ పోయింది. మళ్ళీ దొరికిన కుర్చీ మళ్ళీ యంత్రానికే పోబోతోంది. ఈసారి పోతే ఇంకెవరూ వచ్చి తలుపు తట్టరని ఆమెకు తెలుసు.

"ఇంకోసారి పెట్టమ్మా, ఈసారి అందుకుంటా" అంది.

చెవుల్లో దొరసాని మొదలైంది. ఇప్పటిదాకా బస్సమ్మ ఆ మాటలు ఎక్కడ అయిపోతాయా అని చూసిందే గానీ గొంతును పట్టించుకోలేదు. పైగా దొరసాని గొంతుకు నదిగాలి హోరు కలిపి పెట్టారు. ఈసారి ఆ అమ్మాయి హోరు తీసేసి, ఇంకొంచెం ముందు నుంచి పెట్టింది. "నా గోదాము మీద చెయ్యి వేసిన నీ మనిషి ఇప్పుడు నది అడుగున ఉన్నాడు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

బస్సమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ మనిషా?"

"ఆమే పెద్దమ్మా, రైలమ్మే. మీకు చెప్పకుండా ఉంచాను, తెలిసి నటిస్తే బాగుండదని. రోజూ ఆ రోడ్డు మధ్యలో నిలబడి మీ ఇద్దరినీ విన్నదాన్ని. ఆ రోడ్డునే ఆటలో వంతెన చేశాను. ఆమె కూడా మీలాగే, మీ మాటలు చెవిలో పెట్టి చూస్తే మీరు ఆపేదాకా నోరు విప్పట్లేదు."

"ఆగడం ఆమెకు తెలుసా?" అంది బస్సమ్మ. అని, దిండు తీసుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చాక డ్రైవరుగారికి చివరి రోజు సంగతి మొత్తం చెప్పింది. అప్పటిదాకా ఆయనకూ చెప్పలేదు. ఆయన విని, గడ్డం గోక్కుని, "ఎందుకలా చేశావని ఆ మనిషినే అడిగితే పోలా" అన్నాడు.

"నేనా, అడగడమా? ఆవిడ గుమ్మం ఎక్కి?"

"సరే, అడక్కు. యంత్రం చేత అడిగించు. ఎటూ నీ మాటలన్నీ అదే చెప్పబోతోందిగా."

ఆ రాత్రి బస్సమ్మ ఆయనతో మాట్లాడలేదు. తెల్లారి లేచి సౌండమ్మాయికి తనే ఫోను చేసింది. "ఆవిడను కూడా పిలు. ఎదురుగా కూర్చోబెట్టు" అంది.

శుక్రవారం అలమారంత గదిలో రెండు మైకులు ఎదురెదురుగా పెట్టారు. ఇన్నేళ్ళూ బస్సమ్మ మనసులో రైలమ్మ అంటే పొడుగాటి మనిషి, గంభీరమైన నడక. వచ్చిన మనిషి భుజం దాకా రాదు. తనకంటే పెద్ద చేతిసంచి మోసుకుంటూ, సంచిని ముందు కూర్చోబెట్టి తర్వాత తను కూర్చుంది. రైలంత గొంతు, పెట్టెంత మనిషి. ఇద్దరూ తలలు ఊపుకున్నారు. నమస్కారం ఎవరూ పెట్టలేదు.

ఎర్ర బల్బు వెలిగింది. దొరసాని మాట అయ్యేదాకా పెద్దక్క ఆగింది. పెద్దక్క మాట అయ్యేదాకా దొరసాని ఆగింది. ఒక చోట ఇద్దరూ అవతలి వాళ్ళ కోసం ఆగి, గదిలో గాలి తప్ప ఏమీ లేకుండా పోయింది.

"మీరు కొట్టుకోవాలి. క్యూలో నిలబడకూడదు" అంది సౌండమ్మాయి స్పీకరులోంచి, ఏడుపు గొంతుతో.

మళ్ళీ మొదలుపెట్టారు. బస్సమ్మ వంతు వచ్చింది. కాగితం మీద ఉన్నది: నా మాటకు అడ్డు రావద్దు.

"దయచేసి గమనించండి. నా మాటకు అడ్డు రావద్దు" అని చదివి, రెండోసారి చెప్పడానికి నోరు తెరిచి, కాగితం కిందపెట్టింది. "అయినా నీకు చెప్పి ఏం లాభంలే. చివరి రోజు కూడా అడ్డం వచ్చిన మనిషివి."

రైలమ్మ తన కాగితంలో ఆ మాట ఎక్కడుందా అని వెతికింది. "ఇది నా దాంట్లో లేదే. ఏ చివరి రోజు?"

"నా చివరి రోజు. ఉన్నన్నాళ్ళూ నీ చింతించడం అయ్యేదాకా బస్సులు ఆపి కూర్చున్నా. ఆఖరికి ఒక్క నమస్కారం చెప్పుకుంటానంటే—"

"అది నేను కాదు, నేను ఆ రోజు—"

"నీ గొంతు నాకు తెలియదా? మూడుసార్లు. మూడుసార్లూ నా నోటి మీద—"

"గొంతు నాదేనమ్మా, మనిషిని నేను కాదు. ముందు విను, నీకు వినడం వచ్చని ఇన్నేళ్ళు నమ్మాను—"

"వినీ వినీనే ఇలా అయ్యాను—"

"అది యంత్రం" అంది రైలమ్మ. అరవలేదు. రైలు రద్దయినప్పుడు చెప్పే గొంతుతో చెప్పింది. బస్సమ్మ ఆగిపోయింది.

ఊళ్ళ పేర్లూ అంకెలూ చదవమని ఒక వారం పాటు రైలమ్మను కూర్చోబెట్టారట. ఎందుకో చెప్పలేదు. ఆ రోజు ఉదయం డ్యూటీకి వెళ్తే గదికి తాళం ఉంది. లోపల నుంచి తన గొంతే వినిపిస్తోంది. చేతిసంచితో ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది.

"నిలబడ్డప్పుడే నీ మాట వినపడింది. ఇన్నాళ్ళూ నా మాట విని అన్నావు. నా గొంతు దాని మీద పడింది. నువ్వాగావు. మళ్ళీ మొదలెట్టావు, మళ్ళీ పడింది. పైకి పరుగెత్తి ఆ తలుపు బాదాను, ఒక్క నిమిషం ఆపండయ్యా, అవతల ఆవిడ మాట్లాడుతోందని. ఎవరు వింటారు? దానికి నా నోరిచ్చారు గానీ నా చెవులివ్వలేదు." కాస్త ఆగి, "మీ అందరికీ నమస్కారం అనేగా చివర? అక్కడిదాకా రానివ్వలేదు గానీ అదే అయుంటుందనుకున్నా. నేనైతే తిరిగి పెట్టాను, ప్లాట్‌ఫారం మీదే" అంది.

బస్సమ్మ ఫ్లాస్కు మూతలోకి నీళ్ళు వంచి రైలమ్మ ముందుకు జరిపింది. ఆ ఫ్లాస్కులో నీళ్ళు అంతకుముందు ఇంకెవరికీ ఇచ్చి ఎరగదు, డ్రైవరుగారితో సహా.

"నాకు నమస్కారం పెట్టుకునే వీలు కూడా ఇవ్వలేదు" అంది రైలమ్మ తాగుతూ.

"ఇప్పుడు పెట్టు."

"ఇప్పుడా? ఇప్పుడు నేను నీ మనిషిని నదిలో ముంచినదాన్ని."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అప్పుడు గానీ ఎర్ర బల్బు ఇంకా వెలుగుతూనే ఉందని చూడలేదు. సౌండమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఇందాక ఒకరి మాట మీద ఒకరు మాట్లాడారు పెద్దమ్మలూ. మొదటిసారి. అదే నాక్కావాలి. నా కాగితం మీది మాటలతో."

"కోపం పోయింది కదమ్మా, ఇంకెక్కడ తెచ్చేది" అంది రైలమ్మ.

బస్సమ్మ ఆలోచించింది. "ముసలాయన గుర్తున్నాడా? నెత్తిన పెట్టె."

"మరిచిపోతానా. ఇద్దరికీ కలిపి ఒకటే దండం."

"ఆయన రాకముందు రోజులు గుర్తు తెచ్చుకో."

రైలమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "వాల్యూము ముందు పెంచింది నువ్వే."

"నువ్వే."

"అమ్మాయ్, వెలిగించు ఆ బల్బు" అంది రైలమ్మ.

తర్వాత ఆ గదిలో జరిగిందే ఇప్పుడు ఆటలో ఉంది. పెద్దక్క దయచేసి అని మొదలుపెట్టేలోపు దొరసాని గోదాముల లెక్క తీస్తుంది. దొరసాని చింతిస్తున్నాం అనేలోపు పెద్దక్క రెండోసారి చెబుతుంది. ఇద్దరి గొంతులూ పెరగవు, కానీ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, వినీ విననట్టు నటిస్తూ, వింటూనే ఉంటాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ చిన్న గదిలో ఇమిడాయి, మోత మోగించాయి.

యజమాని వచ్చాడు. సౌండమ్మాయి ముందు కంప్యూటరు చెప్పిన వంతెన ఘట్టం వినిపించింది. మాటలు ఒకదాని మీద ఒకటి చక్కగానే పడ్డాయి, తప్పు పట్టడానికేం లేదు. జనం లేని స్టేషనులో రెండు స్పీకర్లు మోగినట్టుంది. తర్వాత వీళ్ళిద్దరిదీ వినిపించింది. ఆయన రెండోది మళ్ళీ పెట్టమన్నాడు. విని, గది తలుపు దగ్గరికి వచ్చి, "రెండో భాగం కూడా అనుకుంటున్నాం. మీ ఇద్దరికీ వీలవుతుందా అమ్మా?" అని అడిగాడు.

ఇద్దరూ జవాబు చెప్పకుండా ఒకరి కోసం ఒకరు ఆగారు. సౌండమ్మాయే "అవుతుంది సార్" అంది.

ఆట బయటికొచ్చింది. ఆడినవాళ్ళు మెచ్చారు. బస్సమ్మ కూరలకు వెళ్తే మీసాలు సరిగా రానివాళ్ళు కూడా "పెద్దక్కా, దయచేసి ఒక్కసారి బెదిరించండి" అని వెంటపడుతున్నారు. ఆమె బెదిరిస్తుంది కూడా. రెండుసార్లు. సౌండమ్మాయి కంపెనీలో ఇప్పుడు కొత్తగా గొంతివ్వడానికి వచ్చేవాళ్ళను ముందు ఈ ఇద్దరి దగ్గర కూర్చోబెడుతున్నారు, మాట్లాడటానికి కాదు, అవతలి మాట వినడం నేర్చుకోవడానికి. మా వాళ్ళలో మైకు ముందు కూర్చున్న మొదటి మనిషి, ఇంకొకరికి మైకు నేర్పిన మొదటి మనిషి కూడా అయింది.

మొన్న ఒక మధ్యాహ్నం రైలమ్మ బస్సమ్మ ఇంటికొచ్చింది. చేతిసంచికి ఒక కుర్చీ, తనకొక కుర్చీ. డ్రైవరుగారు టీవీ ముందు కూర్చుని ఆ ఆటే ఆడుతున్నాడు. కొలిమి ముఠా సొట్ట వ్యాను తోలుకుంటూ ఎర్ర దీపం పడ్డ చోటల్లా ఆగుతున్నాడు. వెనక నీలం కోట్ల వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద తరుముకొస్తుంటే, పక్కకు తీసి వాళ్ళకు దారిచ్చాడు.

"అయ్యో అన్నయ్యగారూ, వాళ్ళు నా మనుషులు, మిమ్మల్ని చంపడానికే వస్తున్నారు" అంది రైలమ్మ.

"వెనక బండికి దారివ్వకపోతే ఎలాగమ్మా" అన్నాడాయన. వాళ్ళు ముందుకు దూసుకుపోయి, మలుపులో గోడకు కొట్టుకున్నారు. ఆయన ఇండికేటరు వేసుకుని వంతెన ఎక్కాడు.

వంతెన మీద పెద్దక్కా దొరసానీ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఏం చేయాలో, ఎవరి పక్క చేరాలో అడిగే పెట్టె తెర మీద మెరుస్తోంది. డ్రైవరుగారు వ్యాను ఆపి, చేతిలోని రిమోటు పక్కన పెట్టి, వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు నేను ఎవరి మాట వినాలి?"

బస్సమ్మా రైలమ్మా ఒక్కసారే నోరు తెరిచారు. ఒక్కసారే మూశారు.

"నువ్వు చెప్పు" అంది ఒకామె.

"నువ్వే చెప్పు" అంది రెండో ఆమె.

డ్రైవరుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవరో ఒకరు చెప్పండమ్మా" అన్నాడు. "బండిలో ప్రయాణికులున్నారు."